తిరుగు గంట

డిసెంబరు పదకొండు, గురువారం. ఉదయం పదిన్నర. మారికుప్పం దగ్గర సమాధుల తోట.

హాజరు: పాస్టరయ్య, చనిపోయినాయన కొడుకు, కోడలు, స్టేషను ముందర టీకొట్టు నడిపే మేరక్క, బెంగళూరులో సెక్యూరిటీ ఉద్యోగానికి ఆ రోజు సెలవు పెట్టిన డేవిడ్, నా భార్య సరోజ, నేను. మిగిలినవాళ్ల పేర్లకు పేజీ చాలదు. నేను లెక్కపెట్టినంతవరకు నూట నలభై మంది. నేను ఐదేళ్లు నడిపిన మనస్తత్వశాస్త్రం తరగతికి అన్నిటికన్నా ఎక్కువమంది వచ్చిన రోజున పదకొండు మంది. ఆ రోజు వాన పడింది. తలదాచుకోవడానికి వచ్చినవాళ్లు అందులో ఎందరో నాకు తెలియదు.

నా చొక్కా జేబులో రెండు పేజీల ప్రసంగం ఉంది. ముందురోజు సాయంత్రం కూర్చుని రాసి, ఒకసారి దిద్ది, మళ్లీ శుభ్రంగా ఎత్తి రాసుకున్నాను. మనసు గురించి ఈ ఊళ్లో పద్ధతిగా చదివినవాణ్ని నేనొక్కడినే కాబట్టి ఎవరో ఒకరు పిలుస్తారనుకున్నాను. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. మేరక్క ఏడ్చింది. డేవిడ్ గుంత దగ్గర నిలబడి, చేత్తో పెట్టె మీద మూడుసార్లు తట్టాడు. అంతే, అందరూ తలా ఒక పిడికెడు మట్టి వేశారు. సరోజ కూడా వేసింది. నా ప్రసంగం జేబులోనే ఇంటికి వచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. డ్రైవరన్న అన్నారు. నా డైరీల్లో ‘డ్రై.’ అని ఉంటుంది. మొదట్లో నీలం సిరాతో, తర్వాత ఎర్ర సిరాతో. నేను కోలారు బంగారు గనుల టైమాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశాను. అక్కడ ఎర్ర సిరా ఆలస్యంగా వచ్చినవాళ్లకూ, రానివాళ్లకూ వాడతాం. ఆయన ఏనాడూ ఆలస్యంగా రాలేదు. అయినా ఎర్ర సిరాలోకి వెళ్లాడు. ఎందుకో చెబుతాను.

ఆయన పని వైండింగ్ ఇంజన్ నడపడం. గనిలోకి మనుషులను దించి పైకి తెచ్చే ఇనుప పంజరాన్ని మేము కేజు అంటాం. దాన్ని మోసే తీగ తాడును చుట్టే యంత్రం వేరే షెడ్డులో ఉంటుంది. డ్రైవరుకు కేజు కనపడదు, అందులో ఎక్కినవాళ్ల ముఖాలు కనపడవు. ఎదురుగా లోతును చూపించే పెద్ద ముల్లు, చెవికి ఒక గంట, అంతే. వేల అడుగుల కింద గంట కొట్టే మనిషి గంట తాడు లాగితే షెడ్డులో గంట మోగుతుంది. ఒకటి కొడితే పైకి లాగమని. రెండు కొడితే దించమని. మూడు కొడితే కేజులో మనుషులు ఉన్నారని. విన్న వెంటనే డ్రైవరు యంత్రం కదపకూడదు. తాను ఎన్ని విన్నాడో అన్ని గంటలు తిరిగి కొట్టాలి. దాన్ని తిరుగు గంట అంటారు. కిందివాడు అది విని, తన మాట సరిగా చేరిందని తెలుసుకున్న తర్వాతే కేజు కదులుతుంది.

ఇరవై ఎనిమిదేళ్లు ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. షెడ్డు తలుపు మీద ఒక బోర్డు ఉండేది: యంత్రం నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు. గనులు మూసేశాక ఆయన ఆ బోర్డు సంగతే చెప్పి నవ్వేవాడు.

“నాతో ఎవురూ మాట్లాడకూడదని ఇరవై ఎనిమిదేండ్లు బోర్డు పెట్టినారప్పా. గనులతో బాటు బోర్డూ పాయ. ఇంగ మాట్లాడండి.”

మాట్లాడారు. అదే నా బాధ.

స్టేషనులో రెండో బెంచీ, కుడి చివర ఆయనది. గనులు పోయాక ఊళ్లో సగం మంది ఉదయం రైలెక్కి బెంగళూరు పోయి సాయంత్రం తిరిగి వచ్చేవాళ్లే. ఆయన ఉదయం రైలుకు ముందు గంట, సాయంత్రం రైలు వచ్చాక గంట అక్కడ కూర్చునేవాడు. తాను ఎక్కడికీ పోడు. కుడి చెయ్యి మోకాలి మీద పిడికిలి బిగించి ఉండేది, లేని లివరును పట్టుకున్నట్టు. ఎడమ పాదం నేలకు అదిమి పెట్టేవాడు, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ఎవరైనా పక్కన కూర్చుంటే మేరక్క కొట్లో తెచ్చుకున్న బన్నును రెండుగా తుంచి సగం ఇచ్చేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. మాట్లాడేవాళ్ల ముఖం వైపు చూసేవాడు కాదు. పట్టాల చివర సిగ్నలు వైపే చూసేవాడు.

నేను చదివిన పుస్తకంలో మూడో అధ్యాయంలోనే ఉంది: వినేవాడు చెప్పేవాడి కళ్లలోకి చూడాలి. ఆ మాట నేనొకసారి ఆయనకు మర్యాదగానే చెప్పాను.

“మొగం చూస్తే గంటల లెక్క తప్పుతాది సార్,” అన్నాడు.

నా తరగతి గురించి కూడా చెప్పాలి. గనులు మూసిన మరుసటి ఏడాది మొదలుపెట్టాను. అప్పటికి ఊళ్లో మగవాళ్లు గడపల మీద కూర్చుని మట్టిలో గీతలు గీస్తున్నారు. ఇళ్లలో కారణం లేని పోట్లాటలు. కోలారు బస్టాండు దగ్గర పాత పుస్తకాల కొట్టులో మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకం ఒకటి దొరికింది. అది చదువుతుంటే మా వీధి వీధంతా అందులో ఉన్నట్టు అనిపించింది. ప్రతి బాధకూ ఒక పేరు ఉంది. పేరు తెలిస్తే సగం భారం తీరుతుందని నిజంగా నమ్మాను. నల్ల అట్ట నోటుబుక్కులో అకారాది క్రమంలో పదాలు రాసుకున్నాను. ముందు పదం, తర్వాత అర్థం, తర్వాత ఉదాహరణ. చర్చి పక్కన చదువుగదిలో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తరగతి. నల్లబల్ల మీద వారానికి రెండు పదాలు.

నిబంధనం అన్న పదానికి కుక్క, గంట ఉదాహరణ చెప్పాను. గంట కొట్టి అన్నం పెడుతూ ఉంటే, కొన్నాళ్లకు అన్నం లేకపోయినా గంట వినగానే కుక్కకు నోరు ఊరుతుంది. శుద్ధంగా, పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. మరుసటి రోజు టీ తాగడానికి పోతే మేరక్క నాతో అంది:

“సార్, మీరు చెప్పిన కుక్క కత డ్రైవరన్నకు చెప్పినాను. ఆయనేమన్నాడు తెలుసునా? షిఫ్టు సంగు ఆగిపోయి ఏడాదాయ, సద్ది కట్టే చెయ్యి మాత్రం ఆగలేదు మేరక్కా అన్నాడు. నిజం సార్. ఐదు గంటలకి నా చెయ్యి క్యారియరు కోసరం ఎదుకుతాది. మొగుడు చచ్చి మూడేండ్లాయ, గని మూసి ఏడాదాయ. ఇంగా ఎదుకుతాది. ఎంత బాగా చెప్పినాడో!”

షిఫ్టు మారేటప్పుడు ఊరంతా వినపడే సైరనును మా ఊళ్లో సంగు అంటారు. ఆ ఉదాహరణ నాకు ఎందుకు తట్టలేదు? ముప్ఫై నాలుగేళ్లు ఆ సంగు కింద రిజిస్టరు తెరిచి కూర్చున్నవాణ్ని నేను. ఆ రాత్రి డైరీలో ‘డ్రై.’ మొదటిసారి ఎర్ర సిరాలో పడింది.

ఆయన ఒకే ఒక్కసారి నా తరగతికి వచ్చాడు. చివరి బెంచీ మీద, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు పదం సహానుభూతి. మూడు వాక్యాల నిర్వచనం చెప్పి రాయించాను. ఆయన చెయ్యెత్తాడు.

“సార్, ఒక చిన్న సందేహం. మనం తిరుగు గంట కొట్టకుండానే కేజు లాగేస్తే ఏమైతాది?”

“అది పాఠంలో లేదు,” అన్నాను.

“అవునా సార్,” అని కూర్చున్నాడు. వెక్కిరింపు లేదు. నిజంగానే అడిగాడు. కానీ ముందు వరుసలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, చివరికి ఆయన కూడా ఎందుకో తెలియక నవ్వాడు. తర్వాతి ఆదివారం హాజరు నలుగురు.

అయినా నేను వెనక్కి తగ్గలేదు. తరగతికి రానివాళ్లు స్టేషనుకు పోతున్నారు కాబట్టి నేనే నోటుబుక్కు పట్టుకుని స్టేషనుకు పోయాను. సాయంత్రం రైలు వచ్చింది. డేవిడ్ దిగి, తిన్నగా రెండో బెంచీ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. ఇప్పుడు బెంగళూరులో ఒక పెద్ద ఆఫీసు గేటు దగ్గర సెల్యూట్ కొట్టే పని. బన్ను సగం తీసుకున్నాడు, తినలేదు.

“అన్నా, నిన్న ఆడ ఒక పిల్లకాయ, నా కొడుకంత వయసు లేదు, కారుకి గేటు లేటుగా తెరిచినానని అందరి ముందర అరిచినాడు. నేను నోరు తెరవలేదు. ఇంటికొచ్చి రసంలో ఉప్పెక్కువైందని నా పెండ్లాం మింద అరిచినాను. గిన్నె ఎత్తి కొట్టినాను. పిల్లోళ్లు చూస్తాండారు. నాకేమైందన్నా?”

నేను ఆగలేకపోయాను. నోటుబుక్కు తెరిచాను. “దీన్ని విస్థాపనం అంటారు డేవిడ్. ఒకరి మీద చూపించలేని కోపాన్ని, మనకన్నా బలహీనుల మీదికి మళ్లించడం. రక్షక తంత్రాల్లో ఇది...”

డేవిడ్ ముఖం తెల్లబడింది. “పేరుండాదా సార్ దీనికి?”

“ఉంది.”

“పేరుండాదంటే జబ్బేనా? చీటీ మింద రాస్తారా?”

నాకు అప్పుడు అర్థం కాలేదు. టైమాఫీసులో పనిచేసినవాణ్ని, నాకే అర్థం కావలసింది. మా గనుల్లో డాక్టరు ఊపిరితిత్తులు చూసి చీటీ మీద ఏదో ఒక పేరు రాశాడంటే, ఆ మనిషికి కింద పని పోయినట్టే. ఆ చీటీలు నా బల్ల మీదికే వచ్చేవి. పేరు లేనంతకాలం దగ్గు ఉత్త దగ్గే. పేరు వచ్చిందంటే మనిషి అయిపోయాడు. గనిలో పనిచేసిన ఎవరి దగ్గరైనా ‘మీ బాధకు పేరుంది’ అంటే వాళ్లు ఊరట పడరు, భయపడతారు.

డ్రైవరన్న సిగ్నలు వైపు చూస్తూనే ఉన్నాడు. మెల్లగా అన్నాడు: “ఆడ నీ మింద అరిచినాడు. నువ్వు నోరు తెరవలేదు. ఇంటికొచ్చి ఆమె మింద అరిచినావు.”

“అవునన్నా.”

ఆయన ఇంకేమీ అనలేదు. చాలాసేపు. రైలు ఖాళీ అయిపోయి, ఊడ్చేవాళ్లు ఎక్కారు. నేను గడియారం చూసుకున్నాను. నాలుగు నిమిషాలు. నాకైతే నాలుగు నిమిషాల్లో రెండు పదాలు చెప్పే అలవాటు.

“వాని మింద అరిచేకి అయ్యలేదన్నా,” అన్నాడు డేవిడ్. “అరిచుంటే పని పోతాది.”

“వాని మింద అరిచేకి అయ్యలేదు.”

“పాపం అది ఏమి చేసిందన్నా. ఉప్పు సరిగ్గానే ఉండె.” డేవిడ్ లేచాడు. ముఖం తుడుచుకున్నాడు. “పొయ్యొస్తానన్నా. పొద్దు పొయ్యేలోపల ఒక గిన్నె కొనుక్కోని పోవల్ల.”

విస్థాపనం నిర్వచనం అక్షరాలా అదే. ఆయన నా పదాన్ని తీసేసి, అర్థాన్ని మాత్రం ఆ మనిషి చేతిలో పెట్టాడు. డేవిడ్ నాకు నమస్కారం కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. ఆయన నాకు సగం బన్ను ఇచ్చాడు. తీసుకోలేదు.

ఇంతవరకు నా అసూయ విద్యకు సంబంధించినది. తర్వాత జరిగింది వేరు.

గనులు మూసిన ఆరో ఏడు. జనవరి నెల. సరోజ ఆకుకూరకని సంచీ తీసుకుని బయలుదేరింది. సరోజ నా మేనత్త కూతురు, మదనపల్లి వైపు పల్లె నుంచి పెళ్లయి ఈ ఊరికి వచ్చింది. మాటకారి కాదు. ముఖ్యంగా నాతో. అడిగినదానికి జవాబు చెబుతుంది, అక్కడితో ఆగిపోతుంది. నేను దాన్ని అంతర్ముఖత్వం అని నోటుబుక్కులో రాసుకున్నాను. నేను పోస్టాఫీసు పని చూసుకుని స్టేషను మీదుగా వస్తున్నాను. రెండో బెంచీ మీద సరోజ కూర్చుని ఉంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది. మాట్లాడుతోంది.

నేను టికెట్ల కిటికీ పక్కన నిలబడిపోయాను. ఆమె ముఖం అంత కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. చేతులు కూడా కదులుతున్నాయి. ఆయన సిగ్నలు వైపు చూస్తున్నాడు. ఒకసారి ఆమె ఆగింది. ఆయన ఏదో చిన్నగా అన్నాడు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఇరవై రెండు నిమిషాలు. తర్వాత సగం బన్ను తిని, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది.

ఇంటికి వచ్చాక “ఆకుకూర యాడ?” అని అడిగాను.

“బాగలేదు. తేలేదు,” అంది.

డైరీలో అదే రాశాను: ఆకుకూర బాగాలేదట. ఆ రెండు మాటల కింద రెండుసార్లు గీత గీశాను. ఇరవై రెండు నిమిషాలు. మా పెళ్లయి అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటింది. నాతో ఏకబిగిన రెండు నిమిషాలు మాట్లాడిన రోజు కోసం పాత డైరీలు తిరగేశాను. కనపడలేదు.

మూడో రోజు ఆయన దగ్గరికి పోయాను. కూర్చోలేదు, నిలబడే అడిగాను. “సరోజ నీతో ఏం చెప్పింది?”

“ఆమె చెప్పింది ఆమెదే సార్.”

“నేను ఆమె భర్తను.”

“మీరు ఆమె భర్త,” అన్నాడు.

అంత కోపం నాకు జీవితంలో రాలేదు. “నా ముందర ఆ తిరుగు గంట వేషాలు వద్దప్పా. నాకు ఏం చెప్పిందో కావాలి.”

“మీకు ఏం చెప్పిందో కావాల.”

ఆగాడు. ఆ ఆగడం ఎలాంటిదో అప్పటివరకు పక్కన కూర్చుని చూశాను గానీ, నా మీద పడలేదు. అది పెద్ద గుంత అంచున నిలబడినట్టు ఉంది. ఇంకో అర నిమిషం ఉంటే నా నోట్లోంచి ఏదో వస్తుంది. ఏమి వస్తుందో నాకు తెలియదు. వెనక్కి తిరిగి నడిచాను. వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. ఆయన నాకు ఇచ్చిన సలహా అదొక్కటే.

“సార్, ఆమె చెప్పింది మీ డైరీ పుస్తకాల్లోనే ఉండాది. మీ బావమరిది పోయిన దినం తెరిచి చూడండి.”

ఇంటికి వచ్చి పాత పెట్టె తెరిచాను. డైరీలు ఏడాది వారీగా గుడ్డలో కట్టి ఉంటాయి. సరోజకు ఒక్కడే తమ్ముడు. మా ఇంట్లోనే ఉండి గనిలో పనికి పోయేవాడు. గనులు మూయడానికి చాలా ఏళ్ల ముందు, ఒక జనవరి ఉదయం, కింద బండ పేలింది. లోతులో ఒత్తిడికి బండ దానంతటదే పేలడాన్ని మా ఊళ్లో ఏర్‌బ్లాస్టు అంటారు. ఊరంతా ఇళ్లలో గిన్నెలు కదులుతాయి. ఆ రోజు కదిలాయి. కిందికి పోయే ప్రతి మనిషీ టైమాఫీసులో ఇత్తడి టోకెను తీసుకుని పోతాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. మేము దాన్ని బోర్డు మీద దాని మేకుకు తగిలిస్తాం. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడు.

నా చేతిరాతే, నీలం సిరా:

‘ఉదయం 10-20 ఏర్‌బ్లాస్టు. మధ్యాహ్నం 12-30కి మూడు మేకులు ఖాళీ. అందులో ఒకటి మనవాడిది. వాడు పనిచేసే చోటే కూలినదని తెలిసింది. నిర్ధారణ అయ్యేవరకు పేర్లు ఎవరికీ చెప్పరాదని ఆఫీసరు ఆజ్ఞ. ఒంటిగంటకు భోజనానికి ఇంటికి పోయాను. సరోజ అడిగింది. అందరూ వస్తున్నారని చెప్పాను. భోజనం: సంగటి, పితికిపప్పు పులుసు. రెండు ముద్దలు. 4-40కి శవం పైకి వచ్చింది.’

అనపకాయల కాలం అది. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ వేళ్లతో పితికితే తొక్క వదిలి పప్పు బయటికి దూకుతుంది. ఆ పులుసంటే తమ్ముడికి ప్రాణమని సరోజ పొద్దున్నుంచీ పితికి వండింది. వాడికని ఒక గిన్నె తీసి మూతపెట్టింది. ఆ మూత నాకు ఇప్పటికీ గుర్తుంది. డైరీలో రాయలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో పితికిపప్పు వండలేదు. జనవరులు వచ్చాయి, పోయాయి. ఆమెకు ఆ రుచి మీద విముఖత కలిగిందని నోటుబుక్కులో ఉదాహరణగా కూడా రాసుకున్నాను.

రెండు ముద్దలు ఎందుకు తిన్నానో నాకు తెలుసు. తినకపోతే ఆమె కనిపెడుతుంది. కనిపెడితే ఆజ్ఞ తప్పినట్టు అవుతుంది. ఆ కారణం ఆమెకు చెప్పాలని ఆ రోజు పెట్టె ముందు కూర్చుని అనుకున్నాను. చెప్పలేదు. ఆయన చెప్పమన్నాడు కాబట్టి చెప్పలేదు. ఆయన పంపిన మనిషిగా నా భార్య ముందుకు పోవడం నాకు ఇష్టం లేకపోయింది. అలా ఏడేళ్లు గడిచాయి. సరోజ నెలకో రెండు నెలలకో స్టేషనుకు పోతూనే ఉంది. నేను నిమిషాలు రాస్తూనే ఉన్నాను.

సమాధుల తోట నుంచి వచ్చిన సాయంత్రం, సరోజ దీపం పెట్టి వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. అడగకుండా తనంతట తానే మాట మొదలుపెట్టడం అరుదు.

“డేవిడ్ పెట్టె మింద మూడుసార్లు కొట్టె. చూసినావా బావా?”

“చూశాను.”

“మూడు గంటలు. మనిషికి కొట్టేవి. నేను ముందొక దినం స్టేషనులో డ్రైవరన్నను అదే అడిగినాను. మా తమ్ముని కేజు పైకి తెచ్చింది ఆయనే కదా. వాడు ఎట్ల పైకొచ్చినాడన్నా అని అడిగినాను. మూడు గంటలు వినిపించె చెల్లెమ్మా, మూడు తిరిగి కొట్టినాను అన్నాడు. స్ట్రెచరు అడ్డంగా పెడితే ఇంగొకరికి తావు లేదంట. వాడొక్కడే వచ్చినాడు. ప్రాణం లేకున్నా కింద గంటోడు రాళ్లకు కొట్టే గంట కొట్టలేదంట. మనుషులను తెచ్చే నిదానంలోనే తెచ్చినాను, ఏమీ కుదపలేదు చెల్లెమ్మా అన్నాడు.”

వాడు పైకి వచ్చిన గంటా నిమిషమూ నా దగ్గర ఉన్నాయి. గంటలు ఎన్ని మోగాయో నా రిజిస్టరులో గడి లేదు.

“నన్నెందుకు అడగలేదు?” అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినపడింది.

“అడిగితే నువ్వు పుస్తకం తెస్తావు,” అంది సరోజ. లేచి లోపలికి పోయింది. నీళ్లలో ఏవో గింజలు పోసిన చప్పుడు వినపడింది.

మరుసటి ఉదయం ఆరున్నరకు వంటింట్లోకి పోయాను. సరోజ పీట మీద కూర్చుని ఉంది. ముందు గిన్నెలో నానిన అనపగింజలు. ఒక్కొక్కటే పితుకుతోంది. ఇన్నేళ్ల తర్వాత ఆ వాసన. నేను కుర్చీ తెచ్చుకోలేదు. ఆమె పక్కన, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. ఆమె ముఖం చూడలేదు. ఎదురుగా పొయ్యి వైపు చూశాను.

గిన్నెలో గింజలు సగమయ్యాక ఆమె అంది: “ఆ పొద్దు నువ్వు సంగటి తిన్నావు.”

ఆజ్ఞ, నియమం, అనుమానం రాకూడదన్న నా ఆలోచన, అన్నీ వరుసగా నాలుక చివరికి వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా సిద్ధం చేసుకున్న జవాబు.

“ఆ పొద్దు నేను సంగటి తిన్నాను,” అన్నాను.

ఆమె వేళ్లు ఆగలేదు. గింజ తర్వాత గింజ.

“రెండో ముద్ద అడిగినావు.”

“రెండో ముద్ద అడిగాను.”

ఆగాను. ఆ విద్య నాది కాదు. ఎవరిదో నాకు బాగా తెలుసు, ఆ క్షణంలో కూడా నా కడుపు మండింది. అయినా ఆగాను. గోడ గడియారం వైపు చూడలేదు. మొదటిసారి ఆమె వేళ్లు ఆగాయి.

“గొంతు దిగిందా బావా?”

ముప్ఫై ఏళ్ల పైబడి ఆమె అడగని ప్రశ్న అది. పొయ్యి వైపే చూస్తూ చెప్పాను.

“దిగలేదు.”

సరోజ గిన్నెను మా ఇద్దరి మధ్యకు జరిపింది. “తొక్క చిట్లకుండా పితుకు,” అంది. నేను ఒక గింజ తీసుకున్నాను.